చక్రాల చూపులు

మా పెళ్ళిచూపులు రెండుసార్లు జరిగాయి. మొదటిసారి మహబూబ్‌నగర్‌లో, మా ఇంటి ముందుగదిలో, పక్కింటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీల మీద. రెండోసారి హైదరాబాద్‌లో, కార్ల చక్రాలు అమ్మే దుకాణంలో. నన్నడిగితే అసలు చూపులు రెండోవే.

అప్పటికి నేను మహబూబ్‌నగర్ పెద్దదవాఖానలో స్టాఫ్ నర్సుని. నలభైకి దగ్గర పడుతున్నాను. ఇరవైల్లో ఒకసారి పెళ్ళయింది. అది నిలవలేదు, కోర్టులో విడిపోయాం. అతను చెడ్డవాడని నేను ఎవరికీ చెప్పుకోలేదు. కానీ ఆ ఇంట్లో గ్లాసు పగిలినా, కూర మాడినా, తాళంచెవి కనిపించకపోయినా మనిషి ముఖం మారిపోయేది. ఆ ముఖం మళ్ళీ మామూలుగా అయ్యేదాకా నేను గోడ పక్కన నిలబడి ఎదురుచూసేదాన్ని. అందులోంచి బయటికి వచ్చాక అమ్మా నేనూ ఇద్దరమే ఉంటున్నాం. అమ్మ వయసులో ఉన్నప్పుడు పాలమూరు నుంచి వలసపోయే జట్లతో ఊళ్ళు పట్టుకు తిరిగి రోడ్ల పనులు చేసింది. ఆ కంకర తట్టల బరువు ఆమె నడుములో ఉండిపోయింది. కూర్చుంటే తొందరగా లేవలేదు, లేస్తే తొందరగా కూర్చోలేదు.

కరోనా రెండోసారి వచ్చి వెళ్ళాక కొన్ని నెలలు నాకు దేనిమీదా మనసు నిలవలేదు. డ్యూటీకి పోవడం, రావడం, పడుకోవడం. సరిగ్గా అలాంటప్పుడు మా చర్చి పాస్టరుగారు ఒక సంబంధం గురించి చెప్పారు. పెళ్ళికొడుకుది చిట్యాల దగ్గర పల్లె. నల్గొండలో కళ్ళద్దాల దుకాణం ఉంది. భార్య జబ్బుచేసి పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. నెమ్మదైన మనిషి.

“ఒక్కటే ఉన్నదమ్మా,” అన్నారు పాస్టరుగారు కొంచెం ఇబ్బందిగా. “ఆయనకు కార్ల పిచ్చి జర ఎక్కువ.”

“తాగుడు లేదు గద?” అంది అమ్మ.

“లేదు.”

“కార్లేనాయె. రమ్మనుండ్రి.”

ఆయన రావడం కంటే ముందు ఆయన కారు చప్పుడు వచ్చింది. మా గల్లీలో బైకుల మీద పిల్లలు దూసుకుపోతున్నారని గల్లీవాళ్ళే సిమెంటుతో ఒక స్పీడ్ బ్రేకర్ కట్టారు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి చేతికొచ్చినంత ఎత్తు కట్టారు. ఆటోలు కూడా దాని ముందు ఆగి ఆలోచించుకుని ఎక్కేవి. ఆ రోజు దాని మీద కారు పొట్ట రాసుకున్న చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది. వాకిట్లోకి వచ్చి చూస్తే ముదురు నీలం రంగు కారు, రెండే తలుపులు, నా భుజాల ఎత్తు కూడా లేదు. అందులోంచి ఒక పొడుగాటి మనిషి ముందు కాళ్ళు, తర్వాత తల, తర్వాత మిగతా ఒళ్ళు బయటికి తెచ్చుకుని నిలబడ్డాడు. వెంటనే వంగి కారు కిందికి చూశాడు. ఆ తర్వాతే మా వైపు చూసి నమస్కారం పెట్టాడు.

“ఏందే, కారు నేలకు అంటుకపోయింది,” అంది అమ్మ నా చెవిలో.

ఆయనకు నాతో మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. దవాఖానలో అందరూ నన్ను సిస్టర్ అంటారు. చర్చిలో కూడా ఆడవాళ్ళందరం సిస్టర్లమే. ఆయన అలవాటుగా “సిస్టర్, మీరు...” అని ఆగిపోయాడు. పాస్టరుగారు చాయ్ గ్లాసులోకి చూసుకున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వేరే మాటేదీ దొరక్క కాబోలు, “మీ అద్దాలు ఎడమదిక్కు వంగినయి. సరిచెయ్యాల్నా?” అని అడిగాడు. నేను తీసి ఇచ్చాను. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, చెవికి తగిలే కాడను రెండు వేళ్ళతో వంచి, రుమాలుతో తుడిచి ఇచ్చాడు. పెట్టుకుని చూశాను. మనిషి బాగానే ఉన్నాడు.

అయినా ఆ రోజు జవాబు చెప్పలేదు. కొంత టైం కావాలన్నాను.

“తీసుకోండ్రి,” అన్నాడు. “నాకేం తొందర లేదు.”

ఆ తర్వాత అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. దుకాణానికి ఎవరొచ్చారో, ఏ పెద్దమనిషి తన కళ్ళకేం కాలేదని చార్టు ముందు కొట్లాడాడో చెప్పేవాడు. నా డ్యూటీ గురించి అడిగేవాడు. చివరికి మాట కారు దగ్గరికి వచ్చేది. అది హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర కొన్న పాత స్పోర్ట్స్ కారు. ఇంజను బాగుంది, రంగు బాగుంది, సీట్లు బాగున్నాయి. చక్రాలే బాగాలేవట. కంపెనీ ఇచ్చినవి చిన్నగా ఉన్నాయట. పెద్దవి వెయ్యాలని కొన్న రోజు నుంచి ఆయన మనసు పీకుతూ ఉంది.

“శనివారం హైదరాబాద్ పోతున్న, చక్రాలు చూడనీకి,” అన్నాడు ఒకరోజు. “మీరు వస్తరా?”

“నాకేం తెలుసు చక్రాల గురించి?”

“నాకు కూడా రెండు కండ్లే ఉన్నయి. ఇంకో రెండు ఉంటే మంచిది.”

నేను అమ్మను అడిగాను. వద్దంటుందనుకున్నాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, “పొయ్యిరా బిడ్డా,” అంది. “ఇంట్ల అందరు మంచిగనే కూసుంటరు. బజార్ల ఎట్ల ఉంటడో చూసిరా.”

వచ్చి కారులో తీసుకుపోతానన్నాడు. వద్దన్నాను. నా టికెట్ నేను తీసుకుని బస్సెక్కాను. నచ్చకపోతే తిరిగొచ్చే దారి నా చేతిలోనే ఉండాలనుకున్నాను. ఆరాంఘర్ చౌరస్తాలో దిగేసరికి ఆయన రోడ్డు పక్కన కారాపుకుని నిలబడి ఉన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అంత కిందికి ఉన్న సీట్లో కూర్చోలేదు నేను. తలుపు తీసి కూర్చోబోతే సీటు ఇంకా కిందికి ఉంది. లారీ టైర్లు నా చెవి పక్కన తిరుగుతున్నట్టు అనిపించింది.

దుకాణం దగ్గర దిగాక, లోపలికి పోకముందే, ఆయన నన్ను కారు పక్కన నిలబెట్టి చక్రం పైన ఉన్న ఖాళీ చూపించాడు. చక్రానికీ దాని మీది రేకు అంచుకూ మధ్య నా చెయ్యి పట్టేంత సందు ఉంది.

“చూసిన్రా, ఎంత ఖాళీ ఉందో. తండ్రి అంగీ తొడుక్కున్న పిలగాని లెక్క లేదా?”

నేను నిజంగా చూశాను. అంతవరకూ కారంటే నాకు నాలుగు చక్రాలు, ఒక హారన్. ఆయన చెప్పాక ఆ ఖాళీ తప్ప ఇంకేమీ కనబడలేదు.

దుకాణంలో గోడల నిండా చక్రాలే. మా వార్డులో పాత ఫ్యాన్ల లాంటివి కొన్ని, సాలెగూళ్ళ లాంటివి కొన్ని, పూలరేకుల్లాంటివి కొన్ని. నలుపు, వెండి, ముదురు బూడిద, కంచు రంగు. దుకాణాయన పెద్దవయసు మనిషి, మెడలో కొలత టేపు వేలాడుతోంది. మాకు కుర్చీలు వేయించి, కారు చూసి వచ్చి, “పదిహేడు అంగుళాలున్నయి సాబ్ ఇప్పుడు. పద్దెనిమిది పడతది. పంతొమ్మిది కూడా పడతది, జర చూసుకోవాలె,” అన్నాడు.

పంతొమ్మిది అనగానే ఈయన కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. దాచుకుంటున్నాననుకుని దాచుకోలేని చిన్నపిల్లల ముఖం అది. వెంటనే చక్రాలు దింపించి గోడకు వరసగా నిలబెట్టించాడు. ఒక్కోసారి రెండు ముందుకు తెచ్చి, నా వైపు తిరిగి అడిగేవాడు.

“ఇది మంచిగుందా, ఇదా?”

“ఇది.”

“ఇప్పుడు ఇదా, ఇదా?”

“రెండూ ఒకటే లెక్క ఉన్నయి.”

“జర ఆగి చూడుండ్రి. తొందరేం లేదు.”

కళ్ళ దుకాణంలో కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి అడిగే పద్ధతే అది. నాకు నవ్వొచ్చింది. కానీ ఒక సంగతి గమనించాను. నేను ఇది అన్నప్పుడు ఎందుకని అడిగేవాడు. నేను చెప్పేదాకా ఆగేవాడు. నేను చెప్పిన కారణం తిక్కగా ఉన్నా పక్కకు నెట్టేవాడు కాదు. సాలెగూడు చక్రం వద్దన్నాను. కడగడానికి చెయ్యి పట్టదన్నాను. “గది నిజమే,” అని దాన్ని వెనక్కి పంపించాడు.

చివరికి ఐదు కాడలున్న సాదా చక్రం ఒకటి మిగిలింది. కంచు రంగు. పంతొమ్మిది అంగుళాలది. దాని మీద ఆయన మనసు పడిపోయింది. నాకూ అది బాగానే కనిపించింది.

దుకాణాయన తన ధర్మంగా విప్పి చెప్పాడు. కారు ఎత్తు మారకుండా, స్పీడు ముల్లు తప్పు చూపించకుండా ఉండాలంటే టైరుతో కలిపి చక్రం మొత్తం చుట్టుకొలత పెరగకూడదట. అందుకని లోపలి లోహం ఎంత పెరిగితే బయటి రబ్బరు అంత తగ్గించాలి. ఇప్పుడున్న టైరు పక్కన చెయ్యి ఆనించి చూపించాడు. నాలుగు వేళ్ళ మందాన రబ్బరుంది. పంతొమ్మిదికి వేసే టైరు తెచ్చి అలాగే చూపించాడు. రెండు వేళ్ళు దాటి కొంచెం.

“దెబ్బ తాగేది రబ్బరే మేడం,” అన్నాడు నాతో. “గది సన్నగైతే దెబ్బ చక్రం తాగుతది. చక్రం తాగినాక మనిషి తాగుతడు.”

నేను లేచి పాత చక్రాన్ని రెండు చేతులతో ఎత్తి చూశాను. వార్డులో మనుషుల్ని మంచాలు మార్చీ, సిలిండర్లు జరిపీ నా చేతులకు బరువులు అలవాటే. తర్వాత పంతొమ్మిదిది ఎత్తాను. మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది.

“ఇంత బరువు నాలుగు దిక్కుల తిప్పాలంటే ఇంజనుకు కష్టం కాదా?” అన్నాను.

“కష్టమే మేడం. అలకగున్నవి కూడా ఉన్నయి, బరువు తక్కువవి, వేరే రకం.”

ఈయన నా వైపు తిరిగి చూశాడు. ఆ ప్రశ్న ఆయనకు బాగా నచ్చిందని తెలిసింది.

ముందు ఎడమవైపు ఒక్క చక్రం బిగించి చూద్దామన్నారు. జాకీ పెట్టి ఎత్తారు, పాతది విప్పారు, ఐదు బోల్టులూ బిగించి దింపారు. మేం ఎదురుగా రోడ్డుకు అటువైపు పోయి నిలబడి చూశాం. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా అందంగా ఉంది. ఆ ఒక్క చక్రంతో కారు మొత్తం వేరే కారైపోయింది. ఒకవైపు నగ పెట్టుకుని రెండో వైపు మరిచిపోయిన మనిషిలా మిగతా చక్రాలు వెలవెలబోయాయి. ఆయన చేతులు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను కూడా ఒప్పేసుకున్నాను. “మంచిగుంది,” అన్నాను.

స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల ఎక్కడో టైరు రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. లోపలి ప్లాస్టిక్ కొంచెం కోస్తే పోతుందన్నాడు దుకాణాయన. మళ్ళీ తనే, “నా బండికి గివే టైర్లున్నయి. ఒక రౌండు తిరిగి వద్దాం. తెలుస్తది,” అన్నాడు.

నన్ను ముందు కూర్చోబెట్టారు. ఆయన వెనక కూర్చున్నాడు. దుకాణం వెనక వీధిలో ఎవరో పైపు వేయడానికి తవ్వి, మట్టి కప్పి వదిలేశారు. కారు దాని మీదికి ఎక్కగానే కింద ఉన్న రాళ్ళన్నీ ఒక్కొక్కటిగా నా వెన్నులోకి వచ్చాయి. మ్యాన్‌హోల్ మూత మీద పడ్డప్పుడు నా పళ్ళు కొట్టుకున్నాయి. చక్కటి రోడ్డు మీద మాత్రం నీళ్ళ మీద పోయినట్టు పోయింది. కానీ మా జిల్లాల్లో చక్కటి రోడ్డు ఇంటి దాకా రాదు.

దిగాక దుకాణాయన అడిగాడు. “ఎట్లుంది మేడం?”

“అమ్మ దీంట్ల కూసోలేదు,” అన్నాను.

అనేశాక గాని నాకు అర్థం కాలేదు నేనేం అన్నానో. సంబంధానికి ఇంకా అవునని చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. అలాంటిది ఆ కారులో మా అమ్మను కూర్చోబెట్టి నడుము నొప్పి దాకా ఆలోచించేశాను. అద్దాలు తీసి చున్నీతో తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఈయన వినలేదేమో అనుకున్నాను. కారు దగ్గరికి పోయి, కొత్తగా బిగించిన చక్రం ముందు గొంతుకూర్చుని, దాని మీద పడ్డ వేలిముద్రలు రుమాలుతో తుడుస్తున్నాడు. చాలాసేపు తుడిచాడు. లేచాక అడిగాడు.

“అమ్మకు నడుమునొప్పి ఎప్పటి సంది?”

చెప్పాను. రోడ్ల పనులు, తట్టలు, చిన్నప్పుడు నన్ను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టి పని చేయడం. ఆ దుకాణం ముందు, కార్ల హారన్ల మధ్య, అంత చెప్తాననుకోలేదు. మొత్తం విన్నాడు. విని దుకాణాయన వైపు తిరిగి, “పద్దెనిమిదిల ఏమున్నయో చూపిస్తరా,” అన్నాడు.

ఆయన త్యాగం చేసిన మనిషిలా లేడు. అది నాకు మరీ నచ్చింది. పద్దెనిమిదిలో అదే డిజైను దొరికింది, తక్కువ బరువుది. దాన్ని పెట్టి చూసినప్పుడు, “ఖాళీ జర ఉన్నది ఇంక,” అని గొణిగాడు. కొంచెంసేపు పంతొమ్మిది వైపు తిరిగి తిరిగి చూశాడు. రంగు దగ్గర మళ్ళీ మాట పడింది. దుమ్ము కనబడదు, బూడిద రంగు తీసుకుందామన్నాను నేను. కంచు రంగే కావాలన్నాడు.

“సైజుల మీ మాట ఇన్న. రంగు నాకు వదిలిపెట్టుండ్రి,” అన్నాడు.

వదిలిపెట్టాను. కంచు రంగే బాగుంది, ఇప్పుడు చూస్తే.

నాలుగూ బిగించి, బ్యాలెన్సింగ్ చేసి ఇవ్వడానికి టైం పడుతుందన్నారు. పక్క వీధిలో చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం. ఆయన అన్నంలో పప్పు కలుపుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

“మీరు అక్కడ ఒక మాట అన్నరు.”

“అన్న.”

“గది టైర్ల గురించేనా?”

“టైర్ల గురించే.” నీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకుని, “అమ్మ గురించి కూడా,” అన్నాను.

“నా గురించి?”

“పెరుగు తెప్పియ్యుండ్రి,” అన్నాను.

ఆయన పెరుగు తెప్పించాడు. ఇద్దరి విస్తళ్ళలోకీ వంచి, ఖాళీ గిన్నె పక్కన పెట్టి, అన్నం తినడం మరిచిపోయి నవ్వుతూ కూర్చున్నాడు. నేనైతే తిన్నాను. బాగా ఆకలిగా ఉంది.

తిరుగు బస్సెక్కలేదు. షాద్‌నగర్ మీదుగా హైవే పట్టుకుని, కొత్త చక్రాల కారులోనే మహబూబ్‌నగర్ వచ్చాం. దారిలో ఆయన ఒక్కసారి కూడా వేగం పెంచలేదు; కొత్త టైర్లు మొదట్లో మెల్లగా తిరగాలన్నాడు. మధ్యాహ్నపు ఎండలో రెండు పక్కలా పత్తిచేలు తెల్లబడుతున్నాయి. జడ్చర్ల దాటేసరికి నాకు ఆ కింది సీటు అలవాటైపోయింది.

మా గల్లీలోకి తిరిగాం. స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కొత్త చక్రాలు పెద్దవి కదా, ఇక తగలదని నేను ధీమాగా కూర్చున్నాను. పొట్ట మళ్ళీ రాసుకుంది. అదే చప్పుడు.

“అదేంది, చక్రాలు పెద్దగైనయి గద?” అన్నాను.

“లోపలిది పెరిగితే రబ్బరు తగ్గింది. మొత్తం ఎత్తు అంతే.”

“మరి ఎందుకు వేయించినట్టు?”

ఆయన బండి ఆపాడు. ఏదో పెద్ద కారణం చెబుతాడనుకున్నాను. “మంచిగ కొడతయని,” అన్నాడు. “చూడనీకి.”

ఇంత వయసొచ్చి, ఇంత దూరం పోయి, ఇంత ఆలోచించి చేసిన పని వెనక అంతకు మించి ఏమీ లేదని ఆయన అంత సూటిగా చెప్పడంతో నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వుతూ దిగడం అమ్మ వాకిట్లోంచి చూసింది. ఇక ఆమె నన్ను ఏమీ అడగలేదు.

“ఎక్కు అమ్మా,” అన్నాడు ఆయన. “ఒకపారి కూసొని చూడు.”

అమ్మను ఇద్దరం చెరోవైపు పట్టుకుని ముందుసీట్లోకి దించాం. నేను వెనక ఇరుకు సీట్లో ఒక పక్కకు కూర్చున్నాను. బైపాస్ దాకా పోయి వచ్చాం. గుంతలు వచ్చినచోట ఆయన బండిని నడిపించిన తీరు చూస్తే నెలలు నిండిన మనిషిని దవాఖానకు తీసుకుపోతున్నట్టు ఉంది. అమ్మ దారి పొడుగునా తలుపు పిడి పట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చాక తన నడుము మీద చెయ్యి వేసుకుని చూసుకుంది.

“పర్వాలేదు,” అంది. “కిందికి కూసునుడు లేసుడే కష్టం. ఇద్దరు పట్టాలె.”

“ఇద్దరం ఉన్నంగ,” అన్నాడు ఆయన.

క్రిస్మస్ దాటాక చర్చిలో పెళ్ళి చేసుకున్నాం. తర్వాత కొంతకాలానికి నాకు నల్గొండకు బదిలీ వచ్చింది. అమ్మ కూడా మాతో వచ్చింది. మొదట్లో కొత్త ఊరికి అలవాటు పడలేక రెండు నెలలు సణిగింది. తర్వాత ఎదురింటామెతో స్నేహం కుదిరి, మా ఇద్దరితో మాట్లాడ్డానికే తీరిక లేకుండా పోయింది.

ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఆయన నాకు డ్రైవింగ్ నేర్పేవాడు. ఊరి బయట బత్తాయి తోటల మధ్య ఒక రోడ్డు ఉంది, జనం పెద్దగా ఉండరు. ఆ కారునే నా చేతికిచ్చాడు. వేరే పాత కారేదైనా అడిగి తెస్తే దాని మీద నేర్చుకుంటానన్నాను. “నేర్చుకున్నంక తోలేది గిదే గద,” అన్నాడు. నేను బ్రేకు తొక్కితే ముందుకు తూలిపడేవాడు, క్లచ్ వదిలితే వెనక్కి పడేవాడు. అయినా గొంతు పెంచేవాడు కాదు. “ఇప్పుడెట్లుంది? కాలు జర మెల్లగ తియ్యి. ఇప్పుడెట్లుంది?” అని అడుగుతూ కూర్చునేవాడు.

కొంచెం చెయ్యి తిరిగాక ఊళ్ళోకి తెచ్చాను. అమ్మ మందులు కొనాలి. మందుల దుకాణం ముందు ఆపబోయి, ఎడమవైపు ఎంత దూరం ఉందో అంచనా తప్పి, ఫుట్‌పాత్ రాయికి దగ్గరగా తీసుకుపోయాను. ముందు చక్రం రాయిని గీసుకుంటూ పోయిన చప్పుడు నా చేతుల్లోకి వచ్చింది. కొత్త చక్రం. కంచు రంగు చక్రం.

ఆయన దిగి చూశాడు. నేను స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాను. కిటికీ అద్దంలోంచి ఆయన వంగిన వీపు కనబడుతోంది. ఎన్నో ఏళ్ళుగా నా లోపల నిద్రపోతున్నదేదో లేచి కూర్చుంది. ఏమని చెప్పుకోవాలి, ఎంతసేపు మౌనంగా ఉండాలి, ఇంటికి పోయాక ఏ గదిలో ఉండాలి, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. మరిచిపోయాననుకున్నవన్నీ ఎక్కడా చెదరకుండా ఉన్నాయి.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. ముఖం నల్లబడి ఉంది. “అంచు మొత్తం గీసుకపోయింది,” అన్నాడు. “నాకు మస్తు బాధైతుంది. ఒక పది నిమిషాలు నన్నేం మాట్లాడియ్యకు.” ఇలా చెప్పి, రోడ్డు దాటి, చెరకురసం బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాడు.

బాధగా ఉందని ఇలా చెప్పి పక్కకు పోయి కూర్చున్న మగవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. అక్కడినుంచి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన రసం తాగాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కాసేపు రోడ్డు చూశాడు. బండాయన ఏదో అంటే తల ఊపాడు. తర్వాత లేచి, నాకూ ఒక గ్లాసు పట్టుకుని వచ్చాడు. అప్పటికి ముఖం మామూలుగానే ఉంది.

నేను గ్లాసు అందుకునేటప్పుడు రెండో చెయ్యి స్టీరింగును వదలకపోవడం చూశాడు.

“భయపడ్డవా?”

“అవును.”

“నాకా?”

అప్పుడు చెప్పాను. పగిలిన గ్లాసులు, మాడిన కూరలు, ఆ గోడ పక్కన నిలబడడం. విడిపోయానని మాత్రమే ఆయనకు తెలుసు. ఎందుకో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. కారు ముందు సీట్లలో కూర్చుని, మందుల దుకాణానికి వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, చెరకురసం గ్లాసు చేతిలో పట్టుకుని మొత్తం చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, ఓదార్చలేదు. విని, ముక్కు మీద నుంచి జారిన తన అద్దాలు పైకి తోసుకుని అన్నాడు.

“నాకు కోపం రాదని చెప్పను. వస్తది. ఇవ్వాళ కూడా వచ్చింది. వస్తే గిట్లనే పోయి కూసొని వస్త. సరేనా?”

“సరే.”

“గీసుకపోయింది మల్ల రంగు వేయిస్తే పోతది. నువ్వు మాత్రం తోలుడు బంద్ పెట్టకు. ఇప్పుడు ఇంటికి నువ్వే తోలాలె.”

మందులు కొని, నేనే తోలాను. ఎడమవైపు ఎంత దూరం వదలాలో ఆ రోజు తర్వాత నాకు ఎప్పుడూ తప్పలేదు. రంగు వేయిస్తానన్నవాడు ఆ పని చాలా నెలలు చెయ్యలేదు. నేను అడిగితే, అన్నిటికీ కలిపి చేయిద్దాంలే అనేవాడు. చివరికి నేనే తీసుకుపోయి చేయించాను.

నిరుడు వానలు బాగా పడ్డాయి. తుంగభద్ర నిండుగా పారుతోందని వార్డులో ఎవరో చెబితే ఒక సెలవురోజు పొద్దున్నే బయల్దేరి ఆలంపూర్ పోయాం. పోయేటప్పుడు ఆయన నడిపాడు. అమ్మ ముందు సీట్లో, నేను వెనక. అమ్మ నది చూసింది. పాత గుళ్ళ గోడల మీద చెక్కిన బొమ్మల్ని ఒక్కొక్కటీ దగ్గరికి పోయి చూసింది. మేం చర్చికి పోయేవాళ్ళమే గానీ రాతి పని అంటే ఆమెకు ఇష్టం. మెట్ల మీద కూర్చుని కట్టుకొచ్చిన పులిహోర తిన్నాం. నది మీద నుంచి చల్లగాలి వీస్తుంటే అమ్మ లేవనంది. చాలాసేపు అక్కడే ఉన్నాం.

తిరుగుప్రయాణంలో ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం పట్టి అమ్మను ముందు కూర్చోబెట్టాక, నడుం వంచి, కాళ్ళు మడుచుకుని, ఆ పొడుగాటి మనిషి వెనక సీట్లో ఇరుక్కున్నాడు. హైవే ఎక్కాను. కొత్తకోట దాటాక వాన మొదలైంది. వైపర్లు వేసి, ముందు పోతున్న లారీకి దూరం ఉంచి పోతున్నాను. అమ్మ తన ఎదురింటి స్నేహితురాలి మనవరాలికి పంపాల్సిన సకినాల గురించి ఏదో చెబుతోంది. వెనక నుంచి మాట లేకపోయేసరికి అద్దంలో చూశాను. ఎవరు నడిపినా పక్కన కూర్చుని కాలితో ఉత్తుత్తి బ్రేకులు తొక్కే మనిషి, తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతున్నాడు.

“పండుకున్నడు,” అన్నాను అమ్మతో.

అమ్మ వెనక్కి తిరగలేక, నా వైపే చూసి, “పండుకోనీ, లేపకు,” అంది.

వాన పెరిగింది. నేను వేగం తగ్గించి, ఎడమ పక్కకు వచ్చి, మెల్లగా జడ్చర్ల వైపు తోలుకుంటూ పోయాను.